పంక్తిలో మొదటి విస్తరి

మొన్న రుద్రూర్ నుంచి బోధన్ వస్తుంటే బస్సు కిటికీలోంచి ఉడుకుతున్న చెరకు రసం వాసన వచ్చింది. నోరూరింది. ఆ వెంటనే ఒళ్లు జాగ్రత్త పడింది. కడుపు ఆపరేషన్ అయినప్పటినుంచి వేడి బెల్లం ఒక ముద్ద తింటే చాలు, నాకు గుండె దడదడలాడి చెమటలు పోస్తాయి. ఇప్పుడు లేని రాజేశ్వరక్క ఆ వాసనతోనే గుర్తుకొచ్చింది.

కంఠేశ్వర్‌లో నేను అద్దెకున్న ఇంటికి ఎదురిల్లు ఆమెది. సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. ఒకప్పుడు భారీ మనిషట. నేను చూసేనాటికి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని సన్నబడింది. భుజాల కింద వదులుగా వేలాడే చర్మాన్ని ఊపి చూపిస్తూ, "రెక్కలొచ్చినయ్, ఎగురుడే తక్కువ" అని నవ్వేది.

మాది రుద్రూర్ దగ్గర గడి, కోటలాంటి దొరల ఇల్లు. భూములు కొన్ని సీలింగు చట్టంలో, కొన్ని కోర్టుల్లో, మిగిలినవి పంపకాల్లో పోయాయి. పేరూ, ఒడ్డూ పొడుగూ మిగిలాయి. మా ఇంట్లో మగవాడు సన్నబడితే "గడిల బువ్వకు కూడా లేదట" అంటారు. ఆ మాట పడడం నాకు ఇష్టం లేదు. అందుకే రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటూ, పొట్టను పొట్టగానే ఉంచాను.

"తమ్మీ, చర్మం కింద కొవ్వు చేతికి దొరుకుతది," అంది అక్క ఒకరోజు. "లోపల పేగుల నడుమ, కాలేయం చుట్టు పేరుకున్నదే మొండిది. నువ్వెన్ని సూదులు పొడుసుకున్నా వాటిని పనిచేయనియ్యది."

"మా వంశంలో అందరిదీ ఇదే పొట్ట, అక్కా."

"అందరు ఏ వయసుల పోయిండ్రు?"

షుగర్‌తో కాలు తీసేశాక మా బాపు ఏడాది కూడా బతకలేదు.

అక్కకు తప్ప అందరికీ కోర్టు పని అని చెప్పి హైదరాబాద్ వెళ్లి అలాంటి ఆపరేషనే చేయించుకున్నాను. జీర్ణాశయాన్ని చిన్న తిత్తిలా చేసి, పేగును దారి మళ్లించి కలిపారు. నడుం కొలత ఇంకా మారనేలేదు, షుగర్ మాత్రం దిగిపోయింది. ఇన్సులిన్ ఆపేసి ఇంటికి పంపారు. "బరువు మెల్లగ దిగుతది, షుగరే ముందుగాల దిగుతది. తొందరపడి ఆగం కావద్దు," అని అక్క హెచ్చరించింది.

ఇంకా కోలుకుంటుండగానే చిన్నాయన కూతురి పెళ్లయింది. వియ్యాలవారు విందు పెట్టారు. గడి వారసుడిగా నేను మొదటి ముద్ద కలిపేదాకా పంక్తిలో ఎవరూ చెయ్యి పెట్టరు, నేను లేస్తే అందరూ లేవాల్సిందే. విస్తరి నిండుగా వదిలేస్తే కొత్త చుట్టాలను అవమానించినట్టు. నాలుగు పోలెలైనా, అదే బొబ్బట్లు, తినాలనుకుని, షుగర్ పెరగకుండా ఆ ఉదయం ఇన్సులిన్ పాత మోతాదులోనే వేసుకుని వెళ్లాను.

మూడో ముద్దకే ఛాతీలో రాయి పెట్టినట్టయింది. పైన వియ్యంకుడు నెయ్యి గిన్నెతో నిలబడ్డాడు. "దొరా, ఇంకో పోలె." మెడ వెనక చల్లటి చెమట. పక్కనుంచి చిన్నాయన గొంతు తగ్గించి అన్నాడు: "తినురా, ఇజ్జత్ పోతది." ఎదుటి వరస మసకబారింది.

పెళ్లికూతురు అక్క దగ్గర చదివిన పిల్ల, అందుకని అక్కనూ పిలిచారు. నా ముఖం చూసి ఆమె ఆడవాళ్ల వరసలోంచి లేచి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సూది వేసుకున్నవా?"

తల ఊపాను.

"పాత లెక్కనేనా?"

మళ్లీ ఊపాను. సంచిలోంచి షుగర్ చూసే మిషన్ తీసి అక్కడే నా వేలు పొడిచి చూసింది. "శక్కర నీళ్లు తెండ్రి, జల్ది," అంది.

"వంట నచ్చలేదామ్మా?" అన్నాడు వియ్యంకుడు.

"నచ్చకేంది. ఈయన కడుపు కోసి చిన్నగ చేసిండ్రు. షుగర్ పడిపోతున్నది. ఇంకో పోలె పెట్టి పెండ్లింట్ల శవాన్ని లేపుతరా?"

వరస మొత్తం విన్నది. చిన్నాయన తల దించుకున్నాడు. నేను దాచిందంతా ఆ ఒక్క మాటతో విస్తట్లోకి వచ్చింది. లేచి వెళ్లిపోదామని కుర్చీ వెనక్కి నెట్టాను.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. "కూసో. నువ్వు లేస్తే అందరు ఆకలితోని లేవాలె. పొట్ట లేకున్నా నడుము నిటారుగ ఉంటది."

పక్క కుర్చీ లాక్కుని, మగవాళ్ల వరసలోనే కూర్చుంది. గుటక గుటకగా నీళ్లు తాగించింది. కాసేపయ్యాక మళ్లీ వేలు పొడిచి చూసి తల ఊపింది. కళ్ల ముందు మనుషులు తేటపడ్డారు. చేతులు ఆపి అందరూ నన్నే చూస్తున్నారు.

"నాకు ఇంతే. మీరు కానివ్వండి," అన్నాను.

ఒక్కొక్కరుగా చేతులు కదిపారు. చివరి మనిషి తినేదాకా కూర్చున్నాను. ఆ తర్వాతే ఆమె నన్ను ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

ఆ తర్వాత మెల్లగా నడుము సన్నబడింది. షుగర్ పూర్తిగా వదలలేదు కానీ ఒక మాత్రతో అదుపులో ఉంది. బాపు పోయిన వయసు దాటాను. గడిలో బువ్వ లేదని ఎక్కడో అంటూనే ఉంటారు. పంక్తిలో మొదటి విస్తరి ఇప్పటికీ నాకే వేస్తారు. మూడు ముద్దలు తిని, మిగతావాళ్లు తృప్తిగా తినేదాకా కూర్చుంటాను.