గేర్‌బాక్సు పోయిందని గల్లీకంతా చాటిన రోజు

సంతోష్‌నగర్‌ల మా ఇల్లు. చేతులు మారి వచ్చిన పాత ఆటోమేటిక్ కారు కొన్నంక, క్లచ్ తొక్కేటోళ్లను చూస్తే నాకు జర జాలి మొదలైంది. ఫోన్‌ల వీడియోలు చూసుకుంట, ఆఫీసుల చాయ్ తాగేటప్పుడు గూడ మాటను గేర్ ఆయిల్ మీదికే తెచ్చేటోన్ని.

ఒక ఆదివారం పొద్దున మా బిడ్డ కొత్త కాపురానికి గిన్నెలు కొననీకి బేగంబజార్ బయల్దేరినం. గేర్ వేసిన. బండి కదల్లే. జరసేపాగి ఒక్క ఝట్కాతోటి ముందుకు ఉరికింది. మా ఇంటామె చేతిల సంచి కింద పడ్డది.

ఇంజన్ బంద్ చేసి, బానెట్ లేపి, ముందర కనబడ్డ ఆయిల్ కొలిచే కడ్డీ గుంజిన. కొనకు నల్లటి ఆయిల్. గేర్ ఆయిల్ ఎర్రగ ఉండాలె, నల్లబడితే లోపల మాడినట్టే అని వీడియోల విన్న. గేర్‌బాక్సు ఖతమని పక్కింటోళ్లకు చెప్పిన. పాల వ్యాపారం చేసే బామ్మర్దికి ఫోన్ చేసి, బండిని గుంజుకపోను తాడు తెమ్మన్న. ఆయన క్యాన్లు దించేసి టెంపో తెచ్చిండు. గల్లీ అంతా పరామర్శకొచ్చినట్టు నిలవడ్డది. నేను గూడ మొఖం గట్లనే పెట్టుకున్న.

మా ఇంటామె సర్కారు దవాఖాన ల్యాబ్‌ల రక్తపరీక్షలు చేస్తది. వంగి చూసి నెమ్మదిగ అడిగింది.

"నువ్వు గుంజింది ఇంజన్ ఆయిల్ కడ్డీ గాదా? వెనక ఇంకోటున్నది చూడు."

ఉన్నది. పిడి మీద గేర్ ఆయిలని రాసి గూడ ఉన్నది. బామ్మర్ది నా దిక్కు చూడకుంట తాడు చుట్టుకున్నడు. ఆయన చూడకపోవుడే నా ఇజ్జత్ ఎక్కువ తీసింది.

ఇగ పద్ధతిగ మొదలువెట్టిన. మా గల్లీ వాలు, గాడ చూస్తే కొలత తప్పుతది. అందుకే మెల్లగ మైదానం దాక నడిపిన. ఇంజన్ వేడెక్కినంక, బ్రేకు తొక్కిపట్టి గేర్లన్నీ ఒక్కోటి వేసి, పార్కు గేర్ల పెట్టిన. ఇంజన్ నడుస్తుండంగనే కడ్డీ తీసి, తుడిచి, మళ్ల పెట్టి తీయాలె. తుడువనీకి తువ్వాల తీస్తే, పోగులు లోపలికి పోతయని మా ఇంటామె గుంజుకొని వేరే గుడ్డ ఇచ్చింది. ఆయిల్ కడ్డీ మీది గీతకు కిందనే ఉన్నది. ఆమె తెల్లకాయితం మీద ఒక చుక్క రాల్చి, ఎండకు పట్టి, వాసన చూసింది.

"రంగు ఎర్రగనే ఉన్నది, మాడిన వాసన లేదు. తక్కువైంది, అంతే."

మా బండికి సరిపడే ఆయిల్ తెచ్చి, కొద్దికొద్దిగ పోసుకుంట గీత దాక తెచ్చినం. ఝట్కా పోయింది. తక్కువైందంటే ఎక్కడో కారుతున్నట్టే గదా అని మరునాడు మెకానిక్‌కు చూపిస్తే, గేర్‌బాక్సు కింది ప్యాకింగ్ మార్చిండు.

ఇప్పుడు చుట్టాలల్ల ఎవరి బండి లొల్లి పెట్టినా ఫోన్ నాకే వస్తది. ఎత్తంగనే "బావా, జర అక్కకియ్యి" అంటరు.