బకెట్ పిన్ని తెల్ల వంగ

ఆ నాలుగంతస్తుల ఆఫీసులో ఎండాకాలం వస్తోందంటే సంబరపడే మనిషి ఒక్కతే ఉంది. ఆవిడే బకెట్ పిన్ని. మిగతావాళ్లంతా అమ్మో ఎండ, బాబోయ్ ఉక్క అని ఉసూరుమంటుంటే ఆవిడ గదిగదికీ వెళ్లి, "ఏసీ ఇంకొంచెం పెంచుకోండి బాబూ, మొహమాటపడకండి" అని మర్యాదలు చేస్తుంది. ఎండ ముదిరితే ఏసీలు గట్టిగా తిరుగుతాయి, అవి తిరిగితే ఆవిడ బకెట్లు నిండుతాయి.

ఊడవడం, తుడవడం ఆవిడ ఉద్యోగం. పందొమ్మిదేళ్ల సర్వీసు. ఆ బిల్డింగు కట్టిన మహానుభావుడెవరో గానీ, ఏసీల నీళ్లు బయటికి పోయే దారి పెట్టడం మరిచిపోయాడు. అందుకని పద్నాలుగు ఏసీల కిందా పద్నాలుగు బకెట్లు. రోజుకి మూడుసార్లు వాటిని మోసుకెళ్లి బాత్రూంలో పారబోయడం కూడా ఆవిడ నెత్తినే పడింది. పదిహేడేళ్లు అలా పారబోసింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ తనని తానే తిట్టుకుంటుంది.

కళ్లు తెరిపించింది అక్క ఫోను. అప్పటికి వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చేది, అదీ బిందె నిండేలోపే గురక పెట్టి ఆగిపోయేది. ఊరికి ఆ చివర ఉండే అక్క పెరట్లో తెల్ల వంగ మొక్కలు నిలువునా ఎండిపోయాయి. అది వాళ్లమ్మ చేతి విత్తనం. కోడిగుడ్డంత కాయ, తెల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది.

"అంతా పోయిందే. దాచిన గింజలకి కూడా పురుగు పట్టింది. అమ్మ వంగ ఇంక లేనట్టే" అని అక్క బావురుమంది.

అక్క ఏడవడం పిన్ని ఎన్నడూ ఎరగదు. అక్క అంటే వంకలు పెట్టే మనిషి. ఇల్లంతా అద్దంలా తుడిచి చూపించినా, ఆ మూల బూజేమిటే అనే రకం. అలాంటి అక్క ఏడ్చేసరికి పిన్ని ఫోను పక్కన పడేసి విత్తనాల వేటలో పడింది. ఇల్లంతా వెతికితే, దారపు ఉండల డబ్బా అడుగున ఎప్పుడో కట్టిపెట్టిన చిన్న మూట దొరికింది. విప్పితే పదంటే పదే గింజలు.

మర్నాడు పొద్దున బాత్రూంలో బకెట్టు వంచబోతూ పిన్ని ఆగిపోయింది.

"ఓసి నా మతి మండా! చేతిలో నీళ్లు పెట్టుకుని నీళ్లకోసం ఏడుస్తున్నానా!" అని కేకపెట్టింది. పక్క గదిలో మీటింగు కాసేపు ఆగిపోయింది.

ఆ కేకతో మొదలైంది తోట. బిల్డింగు వెనక, గోడకీ జనరేటరుకీ మధ్య, బారెడు వెడల్పున సన్నటి జాగా ఉంది. విరిగిన కుర్చీలన్నీ అవతల పడేసి పిన్ని దాన్ని తవ్వింది. ఆఫీసులో వాడేసిన టీ పొడిని చక్కెర పోయేలా కడిగి, ఎండబెట్టి మట్టిలో కలిపి, అమ్మ వంగతో పాటు బెండ, బీర, తోటకూర గింజలు కూడా వేసింది. పోసిన తడి ఎండకి ఆరిపోకుండా నేలకి ఏదో ఒకటి కప్పాలి. ఎండుగడ్డి ఎక్కణ్ణించి తెస్తుంది? మేనేజరు గదిలో కాగితాలని సన్నగా చీల్చే మిషను మీద ఆవిడ కన్ను పడింది. అందులోని పేలికలన్నీ తెచ్చి మొక్కల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన పరిచింది.

"పిన్నీ, అవి రహస్య పత్రాలు!" అన్నాడు మేనేజరు గుండె పట్టుకుని.

"నా బెండకాయలు ఎవరికీ చెప్పవులెండి బాబూ."

బెండ కాసింది. తోటకూర దుబ్బులు కట్టింది. బీర తీగ జనరేటరు గది మీదికి ఎగబాకి అక్కడే కాపురం పెట్టింది. ఊరంతా ఎండి వరుగైపోతుంటే ఆ సందు ఒక్కటే పచ్చగా ఉంది! రోజూ సాయంత్రం ఎవరో ఒకరు సంచీ పట్టుకుని పిన్నీ పిన్నీ అని వెనకే తిరిగేవారు. ఆవిడకి కాళ్లు నేలమీద నిలిచేవి కావు.

తెల్ల వంగ మాత్రం ఏడిపించింది. పది గింజల్లో మూడే మొలిచాయి. ఒకదాన్ని ఎలుక కొరికింది. ఇంకోటి పిన్ని చేతులారా పోగొట్టుకుంది. "నేను మందు కొట్టి ఏసీ కడిగిన రోజు ఆ నీళ్లు మొక్కలకి పొయ్యకు పిన్నీ" అని ఏసీ మెకానిక్ చెప్పాడు గానీ, ఆయన చెప్పేటప్పటికే పోసేసింది. మిగిలిన ఒక్క మొక్కా పూసిన పూలన్నీ వేడికి రాల్చేసి ఒకే ఒక్క కాయ నిలుపుకుంది. ఆ కాయ పసుపుపచ్చగా పండితే తప్ప లోపల గింజ ముదరదు. ఇంకా మూడు వారాలు కావాలి.

సరిగ్గా అప్పుడే ఆఫీసుకి నాలుగు రోజులు వరసగా సెలవులు కలిసొచ్చాయి. అందరూ ఎగిరి గంతేశారు. పిన్ని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నాలుగు రోజులు ఏసీలు బంద్, నీళ్ల మోటారు బంద్. ఇంట్లో కుళాయి నీళ్లు తాగడానికే చాలవు. ఆ ఎండకి మొక్క రెండు రోజులు కూడా ఆగదు. సరాసరి మేనేజరు దగ్గరికి పరుగెత్తింది.

"బాబూ, ఒక్కటంటే ఒక్క ఏసీ వదిలెయ్యండి."

"ఎవరికి పిన్నీ, వంకాయకా?" అని ఆయన పకపకా నవ్వాడు.

అక్కడే ఉన్న కంప్యూటర్లు చూసే అమ్మాయి తల ఎత్తింది. "ఒకటి ఎలాగూ నడుస్తుంది కదా సార్. సర్వర్ గదిది ఎప్పుడూ ఆపం."

పిన్ని నోరు తెరిచింది. ఇన్నేళ్లలో ఆ గదిలోకి ఆవిణ్ణి ఎవరూ రానివ్వలేదు. అక్కడో ఏసీ ఉందనే తెలియదు. "మరి దాని నీళ్లెక్కడికి పోతున్నాయమ్మా?"

ఆ అమ్మాయికి తెలియదు. మేనేజరుకి అసలే తెలియదు. మెకానిక్‌కి ఫోను కొడితే ఆయన తాపీగా చెప్పాడు: "ఆ గదికి నేనే దారి పెట్టాను పిన్నీ. జనరేటరు వెనకాల గోడలోంచి దిగుతుంది."

జనరేటరు వెనకాల! అక్కడ గోడ మొదట్లో ఎప్పుడూ ఆరని పాచి ఉంది. దోమలు చేరుతున్నాయని తిట్టుకుంటూ ఏళ్ల తరబడి ఫినాయిల్ చల్లింది ఆవిడే. పిన్ని మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వెళ్లి, మోకాళ్ల మీద కూలబడి చెయ్యి చాపింది. టప్‌మని చల్లటి చుక్క అరచేతిలో పడింది. "నువ్విక్కడున్నావటే తల్లీ!" అని గట్టిగా నవ్వేసింది.

సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చి పాత పైపు ముక్కలు అతికి, చుక్క నేరుగా వంగ మొదట్లో పడేలా చేశాడు. సెలవుల్లో మూడో రోజు ఇంట్లో ఉండబట్టలేక పిన్ని వచ్చి చూసింది. బెండాకులు వాలిపోయాయి, తోటకూర సొమ్మసిల్లింది. వంగ మాత్రం నిటారుగా నిలబడి ఉంది, కాయ మీద పసుపు తిరుగుతోంది.

కాయ పండింది. కోసి, పిసికి, గ్లాసుడు నీళ్లలో వేస్తే ముదురు గింజలు బిలబిలమంటూ అడుక్కి దిగాయి. నీడలో ఆరబెట్టి, పరీక్షకని పది గింజలు తడి కాగితం పేలికల్లో నాటింది. ఎనిమిదో రోజు పొద్దున చూసి, చేతులు కూడా కడుక్కోకుండా అక్కకి ఫోను చేసింది.

"అక్కా! మొలిచాయే! అమ్మ వంగ మొలిచింది! పది వేస్తే తొమ్మిది!"

అవతలినించి ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒకటి వినిపించింది. ఆ తరవాత అక్క అడిగింది:

"పదోదాన్ని ఏం చేశావే?"