షట్టరు ముందు సిస్టరాంటీ

మొన్న ఆదివారం సిస్టరాంటీ పోయారు. భీమవరంలో, సొంత మంచం మీద, మధ్యాహ్నం కునుకులోనే వెళ్లిపోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఏడ్చాను. వెంటనే హమ్మయ్య అని కూడా అనుకున్నాను. "ఇక్కడ పోతే, ఇండియా పంపే కాగితాలయ్యేదాకా ఫ్రిజ్‌లో పెడతారే, నాకా చలి పడదు" అని రియాద్‌లో ఉన్నన్నాళ్లూ నవ్వుతూనే భయపడేవారావిడ. ఆ భయం తీరింది.

రియాద్‌లో మా పక్క ఫ్లాటే వాళ్లది. ఆవిడ నర్సు. ఇంట్లో ఉంటే కబుర్లే తప్ప ఒక్క మాటా తిన్నగా అడిగేవారు కాదు. నమాజు వేళకి వీధి చివర బకాలా, అదే కిరాణా కొట్టు, మూసేవారు కదా! సంచీలు పట్టుకుని ఆ షట్టరు ముందు నిలబడ్డప్పుడే అసలు ప్రశ్నలు. అక్కణ్నుంచి ఎవరూ తప్పించుకుపోలేరు మరి.

నేను పన్నెండో తరగతి ముగించిన ఏడాది సంగతి. కుటుంబాన్ని దగ్గరుంచుకున్నందుకు సౌదీ సర్కారు వేసే లెవీ ఏటా పెరుగుతోంది, నాన్న అమ్మకీ నాకూ ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి, అంటే వీసాలు రద్దు చేయించి, ఇండియా పంపేయడానికి సిద్ధమయ్యారు. నాకేమో ఎంబీబీఎస్ సీటు రాలేదు. హైదరాబాద్‌లో డిగ్రీ చేసి, డిగ్రీ ఉన్నవాళ్లని మెడిసిన్‌లో చేర్చుకునే విదేశీ కాలేజీలకి అప్లై చేద్దామనుకున్నాం. మరి ఏ డిగ్రీ? అమ్మ తేల్చేసింది: "మైక్రోబయాలజీ. పేరులోనే సగం డాక్టరుంది." బిల్డింగంతా చాటేసింది కూడా. నాకు లెక్కలంటే ప్రాణం. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

షట్టరు ముందు ఆంటీ అడిగారు. "మెడిసిన్ రాలేదనుకోవే. అప్పుడు?"

"వస్తుందాంటీ."

"రావాలనే ప్రార్థిస్తాను. రాకపోతే ఆ మైక్రోబయాలజీతో కాపురం చేస్తావా?"

నేను అడ్డంగా తలూపాను.

"మరి దేంతో చేస్తావు?"

"స్టాటిస్టిక్స్."

"అమ్మయ్య, నోరిప్పావు! అదే తీసుకో. కాలేజీవాళ్లు అడిగే బయాలజీ, కెమిస్ట్రీ పక్కన చదువుకో. ఇష్టం లేని చదువు చదివినవాళ్లకి సూది వేసేటప్పుడు కూడా విసుగే, నేను రోజూ చూస్తున్నానుగా."

అమ్మకి సర్దిచెప్పిందీ ఆవిడే. "పేరు చూసి పెళ్లి చేస్తామా వదినా?" అన్నారు. అమ్మ రెండ్రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత, స్టాటిస్టిక్స్ లేకపోతే అసలు మందులే లేవని బిల్డింగంతా చెప్పొచ్చింది.

డిగ్రీ అయ్యాక మొదటిసారి అప్లై చేస్తే సీటు రాలేదు. ఆ ఏడాది ఒక ఆసుపత్రిలో స్టాటిస్టిక్స్ ఉద్యోగం చేసుకుంటూ హాయిగా నిద్రపోయాను. రెండోసారి వచ్చింది. అప్పటికి, ఉద్యోగాలు ముందు సౌదీవాళ్లకే ఇవ్వాలనే నితాఖాత్ దెబ్బకి ఆంటీ కాంట్రాక్టు ఆగిపోయి, భీమవరం వచ్చేశారు. ఫోన్ చేస్తే తెగ సంబరపడి, ఆ వెంటనే అడిగారు.

"రాకపోయినా బాగానే ఉండేదానివి కదే?"

"ఉండేదాన్నే ఆంటీ."

"హమ్మయ్య. నీకు తప్పు చెప్పానేమోనని ఇన్నేళ్లూ ఒకటే బెంగ."

అంత ధైర్యంగా చెప్పిన మనిషి లోపల అంత భయం మోశారని నాకప్పుడే తెలిసింది.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ కొట్టే కనిపిస్తోంది. షట్టరు నడుమెత్తు లేస్తుంది. అది పూర్తిగా లేచేదాకా ఆంటీ ఆగరు. సంచీ గుండెకి హత్తుకుని, వంగి, దూరిపోతారు. లోపల్నుంచి కేక వినిపిస్తుంది.

"రావే, కొత్తిమీర అయిపోతుంది!"