బాలింతకు సొర

ఎవరింట్లో పురుడని విన్నా నాకు ఆ చేపలావిడే గుర్తొస్తుంది. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి, నా ఎదురుగా కూర్చుని బుట్ట ఒళ్లో పెట్టుకుంది. కోటబొమ్మాళి ఆసుపత్రిలో కూతురు నీళ్లాడిందట, ఆడపిల్లట. సొరచేప తింటే బాలింతకి పాలు పడతాయని పట్టుకెళ్తోంది. సెల్లులో మనవరాలి ఫొటో చూపించి, అదే గర్వంతో తడిగుడ్డ తీసి సొరల్నీ చూపించింది. అన్నీ వేలెడంత పిల్లలు.

"ఇంత చిన్నవా?" అన్నాను.

"తల్లి కడుపు కోసి తీసినాం బాబూ, లేతయి. మా యమ్మ నన్ను కన్నప్పుడు మనిసంత సొర తెచ్చినారంట. నా పురిటికి మూరెడుది దొరికినాది. ఇప్పుడియ్యే."

నాకు ఒళ్లు మండింది. "మరి ఈ మనవరాలి పురిటికి ఏం మిగులుతుంది?"

"డబ్బాపాలు!" అని పకపకా నవ్వింది. "మేం సంద్రంలోకి ఒగ్గేస్తే పక్క పడవోళ్లు ఒగ్గుతారేటి?"

కోటబొమ్మాళి వచ్చింది. బుట్టలో ఒక పిల్ల ఇంకా నోరు తెరుస్తోంది. ఆమె దాని నోరు బొటనవేలితో నొక్కి మూసి, గుడ్డ కప్పి, పసిబిడ్డని సముదాయించినట్టు అంది.

"ఊరుకోయే నా తల్లీ, వచ్చేసినాం."