కరిగెటలో మంచుబండి

నాట్ల కాలం వస్తే నా షెడ్డుకు ఒక వాసన వస్తుంది. మొయినాబాద్ రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నాది. పొలంలో దమ్ము చేస్తూ చేస్తూ మొరాయించిన ట్రాక్టర్‌ను, బురదలో తిరిగే ఆ ఇనుప చక్రాలతోనే తెచ్చి నా ముందు నిలబెడతారు. ఇంజన్ మీద చిమ్మిన బురద వేడికి పెళ్లలు కట్టి, డీజిల్‌తో కలిసి కాలుతూ ఉంటుంది. ఆ వాసన బాగుంటుందని ఎవరూ అనరు. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే చాలు, సామేల్ పెద్దబాపు వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. నిన్న కూడా అంతే. ఒక రైతు బండి తెచ్చి, అది ఎక్కడ దగ్గిందో, ఎన్నిసార్లు దగ్గిందో పురాణం మొదలుపెట్టాడు. జర ఆగమని చెయ్యి చూపించి, ఇంజన్ నడిపించమని, దాని మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేస్తున్నవా అక్కా అని అడిగాడు. వింటున్నానని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు.

సామేల్ పెద్దబాపు నాకు రక్తసంబంధీకుడు కాదు. సురంగల్‌లో ఒకే చర్చికి పోయేవాళ్లం కాబట్టి వరుస కలిసింది. మిలిటరీలో బండ్ల మెకానిక్‌గా చేరి, నౌకరీలో ఎక్కువ కాలం మంచుకొండల్లో మంచు మీద పోయే బండి నడుపుతూ గడిపి, పింఛను తీసుకొని ఇంటికొచ్చాడు. వచ్చినాయన ఊరుకోక చేవెళ్లలో షాబాద్ పోయే రోడ్డు పక్కన షెడ్డు వేశాడు. నేనేమో ఐటీఐలో డీజిల్ మెకానిక్ పూర్తిచేసి, పనిచ్చేవాళ్లు లేక ఇంట్లో ఈగలు తోలుకుంటున్నాను. ఏ షెడ్డుకు పోయినా పైనుంచి కిందిదాకా చూసి నవ్వి పంపేవాళ్లు. ఈయన మాత్రం ఒక పాత డీజిల్ పంపు నా ముందు పెట్టి విప్పమన్నాడు. విప్పాను. మళ్లీ బిగించమన్నాడు. బిగించాను. రేపటి నుంచి రమ్మన్నాడు, అంతే. ఆడపిల్లను పనిలో పెట్టుకున్నాడని చుట్టుపక్కల షెడ్ల వాళ్లు ఆయన వెనకాల ఎన్ని మాటలన్నారో నేను విన్నాను. ఆయన తల కూడా తిప్పలేదు. అబ్బ, ఎంత గట్టి మనిషి అనుకున్నాను. నెల తిరిగేసరికి అసలు సంగతి తెలిసింది. ఆ మాటలు ఆయనకు వినపడనే లేదు.

పూర్తి చెవుడని కాదు. ఎదురుగా నిలబడి బొంగురు గొంతుతో మాట్లాడితే అందేది. అందనిది పెదవులు చూసి పూరించుకునేవాడు. ఆడవాళ్ల సన్న గొంతులు, వెనక నుంచి పిలిచే పిలుపులు, పిట్టల కూతలు ఆయన దాకా వచ్చేవి కావు. ఒప్పుకుంటే కద. చెవి పోతోందని తెలిస్తే మంచుబండి నుంచి దించేస్తారని మిలిటరీ డాక్టర్ల దగ్గర దాచిపెట్టాడట. ఆ దాచుడు అలవాటై ఇంటిదాకా వచ్చింది. ఎవరేమన్నా ‘విన్న, విన్న’ అనేవాడు. అటువంటి మనిషి ఇంజన్లు ఎట్లా బాగుచేసేవాడంటే, అరచేత్తో. ముందు పైమూత మీద, తర్వాత పంపు మీద, చివరికి పొగగొట్టం మొదట్లో చెయ్యి పెట్టేవాడు. కళ్లు మూసుకునేవాడు. ఏ సిలిండర్ తిన్నగా లేదో వేలు పెట్టి చూపించేవాడు. నాకూ అదే నేర్పాడు.

“చెవు మోసం చేస్తది బిడ్డా. పక్క షెడ్డుల సుత్తె కొట్టినా మన ఇంజన్లనే కొట్టినట్టు వినవడ్తది. చెయ్యి గట్ల చెయ్యది,” అనేవాడు. నా చేతిని పట్టుకొని వణికే ఇంజన్ మీద పెట్టి, నాకు అర్థమయ్యేదాకా తీయనిచ్చేవాడు కాదు.

షెడ్డులో ఆయన చెయ్యి మోసం చేయలేదు గానీ, ఇంట్లో ఆ చెవులు కొంప ముంచాయి. ఆయన భార్య రూతమ్మ పెద్దమ్మది పిట్ట గొంతు. పెళ్లైన కొద్దిరోజులకే ఆయన కొండలెక్కితే, అత్తను, పొలాన్ని, బర్రెలను ఒంటిచేత్తో సాకిన మనిషి. ఇక ఇంటికొచ్చాడు కదా, కడుపులో ఉన్నదంతా చెప్పుకుందామనుకుంటే, ఈయన గోడ దిక్కు చూస్తూ కూర్చుంటాడు. సమాధానం ఉండదు. ఉంటే ‘విన్న.’ ఏం విన్నావని అడిగితే దానికీ ‘విన్న.’ ఆమెకు మండదా మరి? ఆ కొండల్లో ఏమున్నదని అన్నేండ్లు ఉన్నావని ఆమె అడిగేది. మంచు ఉన్నదనేవాడు. ఆయన మనసు అక్కడెక్కడో పారేసుకొని వచ్చాడని ఆమె తేల్చేసుకుంది. నేరుగా మాట్లాడటమే మానేసింది. నేను ఎదురుగా ఉంటే, “ఎస్తేరూ, మీ పెద్దబాపును బువ్వ తినుమను” అనేది, ఆయన మూరెడు దూరంలో కూర్చొని ఉండగానే. నేను లేనప్పుడు బర్రెతో చెప్పేదట. ఆయనకు వినపడదు పెద్దమ్మా అని నేను చెప్పి చూశాను. మరి మగోళ్లతో ముచ్చట్లు ఎట్లా పెడుతున్నాడని ఎదురు ప్రశ్న వేసింది. మగోళ్ల బొంగురు గొంతు అందుతుందంటే నమ్మలేదు.

అట్లాంటి రోజుల్లో మా బాపు ఒక కబురు తెచ్చాడు. మా బాపు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోటమాలి. ఆ సారు ఎప్పుడో మిలిటరీ పాత సామాన్ల వేలంలో ఒక వింత బండి కొని, వచ్చిన వాళ్లు ఫోటోలు దిగడానికి ఈతకొలను పక్కన పెట్టించాడు. చక్రాల బదులు రెండు పక్కలా వెడల్పాటి రబ్బరు పట్టాలు, వాటికి అడ్డంగా ఇనుప కమ్ములు, పైన డబ్బాలాంటి గది. కొన్నాళ్లకు మోజు తీరి దాని చుట్టూ పిచ్చిచెట్లు మొలిచాయి. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాల్ కడతారట, బండిని కోసి తుక్కుకు వేస్తారట. మా బాపు ఏదో మాటల్లో చెప్పాడు. పెద్దబాపు స్పానర్ కింద పెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా నన్ను తన మోటర్‌సైకిల్ ఎక్కమన్నాడు.

దాన్ని చూడగానే ఆయన పిచ్చిచెట్లు పక్కకు నెట్టుకుంటూ పోయాడు. చుట్టూ తిరిగాడు. తలుపు లాగి లోపలికి తల పెట్టి వాసన చూశాడు. ఆయన నడిపిన బండి ఇది కాదు గానీ, అదే రకం. అప్పటికే పాతబడ్డ రకమే. ఇంజన్ ముందు ఉండదు, గది నడిమధ్య రేకు మూత కింద, డ్రైవర్ మోకాలికి ఆనుకొని ఉంటుంది. ఆ మూత మీద ఆయన అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. చచ్చిపోయిన ఇంజన్ ఏం చెప్పిందో ఏమో, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు కూడా. దాన్ని తనకిమ్మని సారును అడిగాడు. సారు మంచివాడే, కాకపోతే తొందరలో ఉన్నాడు. పునాదులు తవ్వే యంత్రం వచ్చేలోపు అది తన కాళ్ల మీద గేటు దాటితే తీసుకుపొమ్మన్నాడు. లేకుంటే తుక్కే.

దారిలో నన్ను వెనక్కి తిరిగి చూస్తూ ఒక మాటన్నాడు. “ఎస్తేరూ, మీ పెద్దమ్మను దాంట్ల ఒక్కసారి కూసోవెట్టాలె. నేనేడున్ననో నోటితోని చెప్పొస్తలేదు.” బండి నడుపుతూ వెనక్కి చూడకని అరిచాను. వినపడలేదనుకోండి.

ఇక మా తిప్పలు చూడాలి. గాలి పోయే గొట్టం నిండా ఎలుకల కాపురం. డీజిల్ ట్యాంకులో తుప్పు గోరుతో గీకితే పొరలు పొరలుగా లేచింది. పిస్టన్లు తుప్పుకు అతుక్కుపోయి, ఇద్దరం కలిసి రాడ్డు వేసి తిప్పినా కదల్లేదు. సిలిండర్లలో డీజిల్, ఆయిలు కలిపి పోసి నాననిచ్చాం. రోజూ పొద్దున పోయి రాడ్డు తోసి చూడటం, మొండిదానా అని తిట్టుకుంటూ తిరిగి రావడం. రబ్బరు పట్టాలు అక్కడక్కడా చీలి ఉంటే, షాబాద్ దగ్గర రాళ్ల క్రషర్ వాళ్లు పారేసిన పాత బెల్టు కోసి అతుకులు వేశాం. ఊళ్లో రూతమ్మ పెద్దమ్మకు ఈ సంగతి తెలిసి, బావి దగ్గర అందరికీ వినపడేట్టు అన్నదట, ఈ ముసలితనంలో నా సవతిని ఇంటికి తోలుకొస్తున్నడని. ఊరంతా నవ్వింది. ఆమె నవ్వలేదని మా అమ్మ చెప్పింది.

ఒక పొద్దున రాడ్డు నా చేతుల్లో మెత్తగా కదిలింది. మరికొన్ని రోజులకు పంపు, బ్యాటరీ అన్నీ కుదిరి, నేను తాళం తిప్పితే దగ్గి, నల్లగా పొగ కక్కి, ఇంజన్ అందుకుంది. ఆ రేకు గదిలో మోత ఎట్లా ఉందంటే నా పళ్లు కదిలాయి. పెద్దబాపు మూత మీద చెయ్యి వేసి, తలూపుతూ, చిన్నపిల్లాడిలా నవ్వాడు. వెంటనే రెండు లివర్లు పట్టుకొని కొలను పక్కన సిమెంటు బాట మీదికి ఎక్కించాడు. అక్కడ చేశాం మేం తప్పు. కొంత దూరం పోయేసరికి రబ్బరు కాలిన కమురు వాసన. పట్టాల లోపలి చక్రాల దగ్గర పొగ. ఆయన బండి ఆపి దిగి చూసి, నెత్తి కొట్టుకున్నాడు. మంచులో నడిచే బండికి ఆ మంచే చల్లదనం, ఆ మంచే తడి. ఎండిన నేల మీద అది తనను తాను కాల్చుకుంటుంది. అన్నేండ్లు దాన్ని నడిపినాయన, మంచు లేని చోట అది ఎట్లా ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. గేటు ఇంకా చాలా దూరం ఉంది, యంత్రం రేపు వస్తుంది.

దారి చూపించింది మా బాపు. గులాబీలకు నీళ్లు పట్టే పైపు లాక్కొచ్చి, పట్టాల మీద నీళ్లు చల్లుతూ బండి పక్కన నడిచాడు. పైపు చాలనప్పుడు ఇంకో కుళాయికి తగిలించేవాడు. బండి నాలుగడుగులు వేసేది, ఆగేది, నీళ్లు తాగేది. వంటవాళ్లు, వాచ్‌మెన్ అందరూ పని మానేసి, పెళ్లి ఊరేగింపు చూసినట్టు చూశారు. గేటు దాటాక ట్రాలీ మీదికి ఎక్కించి సురంగల్ తెచ్చాం.

తెచ్చి మాత్రం నడిపేదెక్కడ? ఊళ్లో అప్పుడు నాట్ల కాలం. పెద్దబాపు వాళ్ల మడిలో దున్ని నీళ్లు పెట్టి ఉంది, మా దిక్కు కరిగెట అంటాం. ఆ మెత్తటి బురదను చూసి ఆయన మొహం వెలిగింది. రూతమ్మ పెద్దమ్మ గట్టు మీద కొంగు బిగించి నిలబడింది. నా మడిల తొక్కిస్తడా దాన్ని అని నాతోనే అన్నది. ఈసారి ఆయన నా రాయబారం కోసం చూడలేదు. బురదలో దిగి ఆమె ముందుకు పోయి, ఒక్కసారి కూర్చో, ఇంకేం అడగనన్నాడు. ఆమె ఆయన్ని, బండిని చూసింది. వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. ఇక రాదనుకున్నాం. చర్చికి కట్టుకునే చీర కట్టుకొని వచ్చింది.

వెనక ఇరుకులో నేను, ముందు వాళ్లిద్దరూ, మధ్యలో ఇంజన్. బండి బురదలో పడవలా తేలి పోయింది. మంచులో గదిని వెచ్చబరిచే వేడిగాలి గొట్టం మూతపడక మా మీదికి ఊదుతూనే ఉంది, చెమటలు కారాయి. పెద్దమ్మ మొదట తలుపు గట్టిగా పట్టుకుంది. తర్వాత ఏదో అనడం మొదలుపెట్టింది. జానెడు దూరంలో ఉన్న నాకే వినపడలేదు. ఆమె ఆయన దిక్కు తిరిగి ఇంకా గట్టిగా అన్నది. ఆయన చూపు ముందుకే, ఒక చెయ్యి లివర్ మీద, ఇంకో చెయ్యి మూత మీద. అప్పుడామె వంగి, ఆయన చెవిలో నోరు పెట్టి, మా దిక్కు ఆ వయసు ఆడవాళ్లు చచ్చినా పలకని మాట, మొగుడి పేరు పెట్టి అరిచింది. ఆమె పెదవులు చూశాను కాబట్టి నాకు తెలిసింది. ఆయన తల తిప్పలేదు.

మడి చివర ఇంజన్ ఆపాడు. గట్టు మీద నారుకట్టలతో నిలబడ్డ ఆడవాళ్లు మమ్మల్ని చూసి ఏదో అంటున్నారు, నోర్లు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నా చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. పెద్దమ్మ రెండు చేతులతో చెవులు తడుముకుంది. భయంగా నా దిక్కు చూసింది. కాసేపటికి ఆ మోత తగ్గింది, గట్టు మీది నవ్వులు వినపడ్డాయి. అయినా ఆమె బండి దిగలేదు. ఆయన గడ్డం పట్టుకొని తన దిక్కు తిప్పుకుంది.

“గింత మోతల కూసున్నవా అన్నేండ్లు?” అన్నది. “నా మీద మనసు లేదనుకున్న.”

ఆయన ఆమె పెదవుల దిక్కు చూశాడు. ‘విన్న’ అంటాడనే నేననుకున్నాను.

“వినవడ్తలేదు రూతూ,” అన్నాడు. “జర గట్టిగ చెప్పు.”

ఆమె మళ్లీ చెప్పింది, గట్టిగా, ఊరంతా వినేట్టు. నాకు ఏడుపు ఆగక బండి దిగి బురదలో నిలబడ్డాను. ఆ రోజు నుంచి వాళ్ల మధ్య నా రాయబారం పోయింది. పిట్ట గొంతు పెద్దమ్మ ఆయన ఎదురుగా కూర్చొని, మొహంలో మొహం పెట్టి తన పాత బాకీలన్నీ ఒక్కొక్కటే చెప్పేది. ఆయన తిట్లు కూడా తలూపి తినేవాడు. ఆయన పోయి కొన్నేండ్లయింది. మంచుబండి ఇప్పటికీ వాళ్ల కొట్టంలో ఉంది. నాట్లకు ముందు నేను పోయి ఒకసారి దాన్ని నడిపించి వస్తాను. పెద్దమ్మ వచ్చి మూత మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది.

నా పెళ్లిలో పెద్దమ్మ నా మొగుడిని పక్కకు పిలిచి, ఈ పిల్ల ఇంజన్ల మధ్య పనిచేసే పిల్ల, వెనక నుంచి పిలిచి పలకలేదని అలగకు, ఎదురుగా పోయి మాట్లాడు అని గట్టిగా చెప్పింది. అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఈ మధ్య పిట్టల కూతలు నాకూ సరిగా అందడం లేదు. డాక్టర్ దగ్గర దాచలేదు, పోయి చూపించుకున్నాను. నిన్న ఆ రైతు ట్రాక్టర్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకొని ఉంటే, మూడో సిలిండర్ సరిగా కొట్టడం లేదని అరచేతికి తెలుస్తుంటే, ఎదుట ఎవరో ఉన్నట్టు అనిపించి కళ్లు తెరిచాను. మా ఆయన గేటు దగ్గరి నుంచి పిలవలేదు. బురదలో చెప్పులు పాడుచేసుకొని, బండి చుట్టూ తిరిగి నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను చూసేదాకా ఆగి, అప్పుడడిగాడు చాయ్ తాగుతావా అని.