ఉబ్బలో పెట్టిన పట్టుచీర

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో నేను ఆసిఫాబాద్‌లో బడిపంతులుని. ఆ ఎండాకాలం మమ్మల్ని కన్న అవ్వ మశూచితో పోయింది. "అమ్మవారు తీస్కపోయింది" అన్న బంధువులతో, "టీకా ఏయనియ్యక మీరే చంపిండ్రు" అని శవం ముందే తగవుపడ్డాను.

పోయినవారి బట్టలు చాకలికి ఇవ్వడం మా ఆచారం. నేను ఒప్పుకోలేదు. అవ్వ పెళ్లి పట్టుచీర చెల్లెలు కావాలంది. రోగం పోవడానికి బట్టలన్నీ ఉబ్బలో పెట్టమని, అంటే చౌడునీళ్లలో ముంచి బాన మీద ఆవిరికి ఉడికించమని, మా చాకలి లచ్చవ్వకు చెప్పాను.

"నూలు బట్టలు ఉడకేస్త సారూ. పట్టు చౌడుకు ఆగది. దాన్ని ఉత్త నీళ్ల ఆవిరికి జర దూరంగ పట్టి, నీడకు ఆరేస్త."

"రోగానికి నూలేంది, పట్టేంది? చీర మీద ఆశ పడ్తున్నవా లచ్చవ్వా?"

ఆమె పట్టుచీరను కూడా నూలు బట్టల్లోనే కలిపి మూట ఎత్తుకుంది.

మూడోనాడు తెచ్చింది. నూలుచీరలు తెల్లగా వచ్చాయి. పట్టుచీర మడత విప్పబోతే చెల్లెలి చేతుల్లోనే పీలికలైంది. ఆ పీలికల్లో ముఖం పెట్టుకుని అది ఏడ్చిన ఏడుపు, అవ్వ పోయిననాడు కూడా ఏడవలేదు.

"ఇరవై ఏండ్ల సంది ఈ చీరకు ఆవిరి పట్టింది నేనే సారూ. ఒక్క పోగు పోనియ్యలే" అని లచ్చవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కారణం అడగకుండా దేన్నీ నమ్మవద్దని ఊరూరా చెప్పినవాణ్ణి. ఆమె అడగకుండానే కారణం చెబితే, వినలేదు.

మిగిలిన జరీ అంచు చెల్లెలి పెట్టెలో ఉంది. నేను ఇంట్లో ఉన్నప్పుడు అది ఆ పెట్టె తెరవదు.