రెండుంపావు మొలకలు

మజహర్ సార్ లెక్కలు చెబుతుంటే పక్క గదిలో తెలుగు పాఠం చెప్పడం నా వల్ల అయ్యే పని కాదు. ఆయన గొంతు అలాంటిది. బోధన్ రాకాసిపేటలో చెరకు కత్తులకు సాన పట్టే ఇంట్లో పుట్టి, ఆ చప్పుడు మీద గొంతెత్తి మాట్లాడటం చిన్నప్పుడే నేర్చుకున్నారు. మా జూనియర్ కాలేజీకి వచ్చాక ఆ గొంతూ తగ్గలేదు, చెరకు మీద మోజూ తగ్గలేదు.

ఆ ఏడు యాదృచ్ఛిక చలరాశి పాఠానికి ఆయన నాణెం, పాచికలు ముట్టుకోలేదు. కట్టలకొద్దీ విత్తనపు చెరకు తెప్పించి, మూడేసి కండ్ల ముక్కలు కొట్టించారు. కన్నంటే గణుపు దగ్గర మొలక వచ్చే చోటు.

"ఒక్కో ముక్కకు ఎన్ని మొలుస్తయో ముందుగాల ఎవ్వలు చెప్పలేరు. సున్న కావచ్చు, మూడు కావచ్చు. గదే మన చలరాశి" అన్నారు. లెక్కల సారుకు సేద్యం పిచ్చి పట్టిందని నేను స్టాఫ్ రూములో నవ్వాను.

పిల్లలంతా కాలేజీ వెనక నాటడానికి దిగితే, రెంజల్ నుంచి వచ్చే అంకిత మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ల ఇంట్లో చెరకు తొలి ముక్కను ఆడపిల్లతో పెట్టిస్తారు. కిందటేడు ఆమె తొలి ముక్క పెట్టిన చేను అక్కడక్కడా మొలవలేదు. అప్పట్నుంచి ఆమెను విత్తనం ముట్టనివ్వడం లేదు.

"నా చేతివాసి మంచిగ లేదు సార్."

"గట్లయితే కనబడాలె గద బేటా. ఓ పొడుగు సాలు నీ ఒక్కదానిదే. పక్క సాలు అందరిది. నీది తక్కువ మొలిస్తే నేనే మీ బాపుకు చెప్త."

నాకు ఒళ్లు మండింది. నిజంగానే తక్కువ మొలిస్తే ఆ పిల్ల జన్మంతా ఆ ముద్ర మోయాల్సిందే కదా! ఆ మాటే అడిగాను.

"నాకూ భయమే భాయ్" అన్నారాయన.

నెల దాటాక తవ్వి తీశారు. అంకిత తండ్రి భీమన్న కూడా వచ్చాడు. ఏమీ మొలవని ముక్కలు ఒక వరుస, ఒక మొలకవి ఒకటి, రెండువి ఒకటి, మూడువి ఒకటిగా వరండాలో పేర్చారు. అంకిత తీసిన మొదటి ముక్కకు ఒక్కటే మొలక. రెండోదానికి అదీ లేదు. పిల్ల ముఖం పాలిపోయింది.

పేరుస్తూ పోగా మొలవనివి కొన్నే తేలాయి. ఒక మొలకవి కాస్త ఎక్కువ. రెండు, మూడు మొలకలవి దాదాపు సమానంగా గుమ్మం దాకా పాకాయి. పక్కనే అందరివీ పేరిస్తే అదే ఆకారం! ఏ ముక్కకు ఆ ముక్క తన ఇష్టం వచ్చినట్టు మొలిచింది. అన్నీ కలిస్తే ఒకటే రూపు. నాకు ఒళ్లు జలదరించింది. అల్లరి పిల్లలు కూడా వరుసల మీదికి వంగి వంగి చూశారు.

సార్ లెక్క కట్టారు. రెండు సాళ్లలోనూ సగటున ముక్కకు ఇంచుమించు రెండుంపావు. "గిదే ఆశించిన విలువ."

"రెండుంపావు మొలకలు ఏ ముక్కకు మొలుస్తయి సార్?" శ్రావణ్ అనే కుర్రాడు అడిగాడు.

"ఏ ముక్కకూ మొలువయి. చేనుకు మొలుస్తయి."

భీమన్న ఆ వరుసల మధ్యే కూలబడ్డాడు. "మరి నిరుడు నా చేన్ల ఎందుకు పోయినయి?"

"గిక్కడ గూడ పోయినయి గద అన్నా, అందరి చేతులల్ల."

చెరకు నాటే రోజు మమ్మల్ని రెంజల్ పిలిచారు. భీమన్న తొలి ముక్క కూతురి చేతిలో పెట్టాడు కానీ, ముక్క మీద తన చేతిపట్టు వదల్లేదు.

"గిది మొలుస్తదా బిడ్డా?"

"గిదొక్కటా? ఎవ్వలు చెప్పలేరు బాపూ. చేనంత అడుగు, చెప్త."

భీమన్న ముక్క వదిలేశాడు.